ఖంగుమనే పాకం... కేకు మీద గాజుపువ్వు!

పుట్టినరోజు కేకు అంటే ఒకప్పుడు క్రీముతో దిద్దిన నాలుగు గులాబీలు, మధ్యలో పిల్లాడి పేరు. అంతే! ఇప్పుడలా కాదు. కేకు మీద నీలిరంగు అలలు నిలబడుతున్నాయి. ఎర్రటి గాజురేకులు విచ్చుకుంటున్నాయి. దీపం వెలుగు పడితే అవతలి వైపు కనిపించేంత పారదర్శకంగా ఉంటాయవి. చూసినవాళ్లు ప్లాస్టిక్ అనుకుంటారు. కొరికితే మాత్రం తియ్యగా కరకరలాడుతుంది.

ఇంతకీ ఏమిటది అంటారా... చిన్నప్పుడు మనం బుగ్గన పెట్టుకుని చప్పరించిన పిప్పరమెంటు బిళ్లే! దాన్ని కరిగించి, ఆకారం మార్చి, కేకెక్కించారు.

ఇదేదో సీమ నుంచి దిగిన విద్య అనుకోనక్కర్లేదు. ఇంగ్లిషువాళ్ల ‘క్యాండీ’ అనే మాటకు మూలం మన ‘ఖండ’మే. సంస్కృతంలో గడ్డకట్టిన చక్కెరకు ఆ పేరు. అదే పారశీకం, అరబిక్ మీదుగా ఐరోపా చేరింది. మన కలకండలోనూ ఆ ఖండమే వినిపిస్తుంది. మాట మనది, చెరకు మనది. మరి విద్య మనది కాకుండా పోతుందా?

చోడవరం లాంటి ఊళ్లో అయితే మరీనూ. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ ఊరి చుట్టూ చెరకు తోటలే. పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం. కాస్త దూరంలో దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి. అక్కడే 1913 నుంచీ చెరకు మీద పనిచేస్తున్న పరిశోధన కేంద్రం. ఇంత తీపి ఉన్నచోట చేదు కబుర్లూ ఉన్నాయి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లుల్లో క్రషింగ్ ఆగిపోయింది. గోవాడ మిల్లు కూడా కొన్నేళ్లుగా నష్టాలతో, రైతుల బకాయిలతోనే వార్తల్లోకి వస్తోంది. చెరకు అమ్మితే వచ్చేది కొంతే. పంచదారగా మారితే మరికొంత. ఆ పంచదారే పువ్వై కేకు మీద కూర్చుంటే దాని విలువే వేరు. ఆ చివరి మెట్టుకు కావాల్సినవి పెద్ద యంత్రాలు కావు. పాకం తెలిసిన చేయి. అది మనిళ్లలో ఎప్పటినుంచో ఉంది!

మామ్మ లెక్క... థర్మామీటరు లెక్క

అరిసెలు చేసేటప్పుడు మామ్మలు ఏం చేస్తారో గుర్తుచేసుకోండి. పళ్లెంలో చన్నీళ్లు పోసి, అందులో రెండు చుక్కల పాకం వేస్తారు. వేళ్లతో దగ్గరకు లాగితే మెత్తటి ఉండ కట్టాలి. కేకుల పుస్తకాలు తిరగేస్తే అచ్చం ఇదే పరీక్ష కనిపిస్తుంది. కాకపోతే పక్కన ఓ అంకె కూడా ఉంటుంది, 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని.

అసలు పాకమంటే పంచదార, నీళ్లు. మరిగేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, పాకం వేడెక్కుతుంది. అందుకే ఎంత వేడి ఉందో తెలిస్తే లోపల ఎంత నీరు మిగిలిందో తెలిసినట్టే. 106 డిగ్రీలు దాటాక వేళ్ల మధ్య తీగ సాగుతుంది. 112 దాటితే మెత్తటి ఉండ. 121 నుంచి 130 మధ్య గట్టి ఉండ. 132 దాటితే నీళ్లలో వేసిన పాకం తీగల్లా విడిపోయి, వంచితే కొంచెం వంగి విరుగుతుంది. 146 నుంచి 154 డిగ్రీల మధ్య మాత్రం వంగడాలు, సాగడాలు ఉండవు. పుల్లలా పుటుక్కున విరుగుతుంది. అప్పటికి పాకంలో మిగిలే నీరు నూటికి ఒక వంతు!

ఈ ఆఖరి పాకం మనకు కొత్తా? కానేకాదు. వేరుశనగ పట్టి చేసేవాళ్లు పాకపు ఉండను పళ్లెం మీద వేసి కొడతారు. ‘ఖంగు’మంటేనే పప్పులు పోస్తారు. మెత్తగా ‘తప్పు’మంటే మరో నిమిషం పొయ్యి మీద ఉంచుతారు. కేకు మీద గాజుపువ్వుకు కావాల్సిందీ ఆ ఖంగుమనే పాకమే. థర్మామీటరు ఉంటే మంచిదే. లేకపోతే చెవి ఉంది కదా!

గింజ కట్టాలా... గాజు కావాలా?

ఇక్కడే ఓ చిత్రం ఉంది. పెళ్లిళ్లలో సారెకు పెట్టే పంచదార చిలకలూ పంచదార పాకంతోనే చేస్తారు. పిప్పరమెంటు బిళ్లా పంచదార పాకమే. మరి చిలక తెల్లగా, సుద్దముక్కలా ఎందుకుంటుంది? బిళ్ల గాజులా ఎందుకు మెరుస్తుంది?

పాకంలో పంచదార అణువులు విడివిడిగా తిరుగుతుంటాయి. వాటికి వరుసకట్టి స్ఫటికాలు కావాలని ఆరాటం. చిలకలు చేసేవాళ్లు ఆ ఆరాటాన్ని వాడుకుంటారు. పాకం ముదిరాక గరిటెతో రుద్దుతారు. దాంతో కోట్లాది చిన్నచిన్న గింజలు కడతాయి. అది తెల్లబడుతుండగానే తడిపిన చెక్క అచ్చుల్లో పోస్తారు. నిమిషాల్లో బిగుసుకుంటుంది. అచ్చు విప్పితే చిలక!

పిప్పరమెంటుకు సరిగ్గా తిరగేసిన పద్ధతి. అణువులు వరుస కట్టేలోపే పాకం చల్లారి బిగుసుకుపోవాలి. ఎక్కడివక్కడే ఆగిపోయిన ఆ స్థితే గాజు. కిటికీ అద్దం కూడా అలాంటిదే. అందుకే వెలుగు దాన్లోంచి నేరుగా సాగిపోతుంది. సినిమాల్లో విలన్ నెత్తిన పగిలే సీసాలను ఒకప్పుడు ఈ పంచదార గాజుతోనే చేసేవారు. తర్వాత్తర్వాత వాటి స్థానంలో ప్లాస్టిక్ రెజిన్లు వచ్చాయి.

గింజ కట్టకుండా ఆపడానికి కంపెనీలు పాకంలో లిక్విడ్ గ్లూకోజు కలుపుతాయి. వేరే రకం అణువులు అడ్డొస్తే పంచదార అణువులకు వరుస కుదరదు. మన ఆడవాళ్లు గులాబ్‌జామ్ పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండేదీ అందుకే. ఆ పులుపు కొంత పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. పేర్లు తెలియకపోయినా పని జరిగిపోతోంది!

బిళ్లలతో మొదలెడదాం

కొత్తగా నేర్చుకునేవాళ్లకు సులువైన దారి, కొట్లో దొరికే బిళ్లలే. చిత్తూరులో 1952లో మొదలైన న్యూట్రిన్ పుణ్యమా అని బిళ్లలు, చాక్లెట్లు తెలుగు పిల్లలకు పాత నేస్తాలే. అయితే అన్నీ ఈ పనికి రావు. పాలు, వెన్న కలిసిన టాఫీలు మసకగా ఉంటాయి. నమిలేవి సాగుతాయి. మధ్యలో గుజ్జు ఉన్నవి పొంగి పాడుచేస్తాయి. వెలుగుకు పట్టి చూస్తే అవతలి వైపు కనిపించే పండ్ల రుచి బిళ్లలు ఎంచుకోండి.

కాగితాలు విప్పి, ఒక్కో రంగూ విడివిడిగా దళసరి కవర్లో వేసి, అప్పడాల కర్రతో ముతక రవ్వలా కొట్టాలి. రంగులన్నీ కలిపేస్తే చివరికి మిగిలేది మురికి గోధుమరంగే. ట్రేలో బేకింగ్ పేపరు గానీ సిలికాన్ మ్యాట్ గానీ పరవాలి. మైనం పూసిన కాగితం వద్దు, అంటుకుపోతుంది. దాని మీద లోపల నూనె రాసిన స్టీలు బిస్కెట్ కట్టర్లు పెట్టి, పొడిని సమంగా నింపాలి. ముందే వేడిచేసిన ఒవెన్‌లో 175 డిగ్రీల దగ్గర ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. కళ్లు అటే ఉంచండి. ముక్కలన్నీ కరిగి ఒకటవ్వగానే తీసేయాలి. అప్పటికీ వదిలేస్తే బుడగలు కట్టి, రంగు మారి, మాడువాసన వస్తుంది. మైక్రోవేవ్‌తో ఇదే చిక్కు. ఓచోట మరుగుతుంటే, పక్కనే కరగని ముక్క ఉంటుంది.

బయటకు తీశాక ఓ నిమిషం ఆగితే కరిగిన బిళ్ల తోలులా వంగే దశకు వస్తుంది. అసలు పని అప్పుడే! కాగితంతో సహా ఎత్తి, నూనె రాసి బోర్లించిన గ్లాసు మీద వేస్తే గిన్నె. గరిటె కాడ మీద వేస్తే అల. చేతిలో ఉండే సమయం నిమిషం కూడా కాదు. బిగుసుకుపోతే కంగారొద్దు, మళ్లీ ఒవెన్‌లో ఓ నిమిషం పెడితే మెత్తబడుతుంది. కట్టర్లోనే చల్లార్చితే పది పదిహేను నిమిషాల్లో నక్షత్రాలు, హృదయాలు సిద్ధం. అన్నట్టు, మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా పల్చనైతే తీసేటప్పుడే విరుగుతుంది. మందమైతే పంటికి ప్రమాదం.

పంచదార నుంచే కావాలంటే...

ఒక కప్పు పంచదార, మూడోవంతు కప్పు లిక్విడ్ గ్లూకోజు, ఆరు టేబుల్ స్పూన్ల నీళ్లు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద పంచదార పూర్తిగా కరిగేదాకా కలపండి. మరగడం మొదలయ్యాక గరిటె పక్కన పెట్టేయాల్సిందే. గిన్నె అంచులకు అంటిన ఒక్క పలుకు లోపల పడినా చాలు, దాని చుట్టూ గింజకట్టి పాకమంతా చిలకల పాకమైపోతుంది! తడిపిన బ్రష్షుతో అంచుల్ని కడుగుతుండాలి. 150 డిగ్రీలు రాగానే దించి, గిన్నె అడుగును చల్లటి నీళ్లలో కొన్ని క్షణాలు ఆనించాలి. లేకపోతే గిన్నె వేడికి పాకం ఇంకా ముదురుతుంది. బుడగలు తగ్గాక రంగు, ఎసెన్సు వేసి పోసుకోవడమే.

మన మిల్లుల్లో ఎక్కువగా గంధకపు పొగతో రసాన్ని శుద్ధిచేసే పద్ధతిలో పంచదార తయారవుతుంది. దాంతో చేసిన గాజుకు లేత పసుపు ఛాయ వస్తుంది. అద్దంలా తెల్లగానే కావాలంటే రిఫైన్డ్ పంచదార వాడాలి. ఎరుపు, నారింజ రంగులు వేసేటప్పుడు మామూలు పంచదారే చాలు. ఆ ఛాయ కనిపించదు.

రంగుల విషయంలో మాత్రం రాజీ కుదరదు. తినే రంగు అని డబ్బా మీద స్పష్టంగా ఉన్నవే, అదీ పిసరంత. పీచుమిఠాయిలో బట్టలకు వేసే రోడమిన్-బి రంగు దొరకడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి దాని అమ్మకాన్నే నిషేధించాయి. కేకు తినేది పిల్లలే కదా!

మరి బెల్లంతో? గాజు రాదు. అందులోని ఖనిజాలు, ఇతర చక్కెరల వల్ల రంగు ముదురుతుంది, తొందరగా మాడుతుంది, చల్లారాక తేమ లాగేస్తుంది. అలాగని బెల్లాన్ని పక్కన పెట్టక్కర్లేదు. పల్చగా పోసిన నువ్వుల పట్టిని పెద్ద పెద్ద పెంకుల్లా విరిచి, తినే ముందు కేకు చుట్టూ నిలబెట్టి చూడండి. గాజు మెరుపు లేకపోయినా రుచిలో దానిదే పైచేయి.

జీళ్ల మేకు చెప్పే పాఠం

తీర్థాల్లో జీళ్లు చేసేవాళ్లను చూసే ఉంటారు. నల్లటి బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి లాగడం, మడవడం, మళ్లీ లాగడం. పదిసార్లు లాగేసరికి నలుపు పోయి బంగారు రంగు, ఆ తర్వాత తెలుపు. ఏ మందూ కలపలేదు మరి, రంగెలా మారింది? మడిచిన ప్రతిసారీ గాలి లోపల ఇరుక్కుంటుంది. సన్నటి గాలిపొరలు వెలుగును చెదరగొడతాయి. అందుకే పట్టులాంటి ఆ నిగనిగ.

ఐరోపా వంటవాళ్లు పంచదార రిబ్బన్లు, గులాబీరేకులు చేసేదీ ఈ లాగుడుతోనే. జపాన్‌లో అమెజైకు అనే కళ ఉంది. వేడి పాకపు ముద్దను పుల్లకు గుచ్చి, చిన్న కత్తెరతో కత్తిరిస్తూ నిమిషాల్లో చేపనో కొంగనో చేసేస్తారు. మన వీధుల్లో బొంబాయి మిఠాయి బండి దగ్గర పిల్లల మణికట్టుకు సాగే మిఠాయితో వాచీ కట్టిన చేతులూ ఆ బాపతువే. జపాన్‌వాళ్లు దాన్ని కళ అన్నారు. మనం చిల్లర తిండి అన్నాం. తేడా అంతే!

గాలిలోనే ఉంది చిక్కంతా

ఇన్ని చేసినా ఒక శత్రువును గెలవలేం. తేమ! గాజులా ఉన్న పంచదార గాలిలో తేమ సుమారు 30 శాతం దాటితే చాలు, పీల్చడం మొదలెడుతుంది. మన తీరప్రాంతంలో ఎండాకాలంలోనూ తేమ అంతకు రెట్టింపే ఉంటుంది. పొద్దున చేసిన గాజుపువ్వు సాయంత్రానికి చేతికి అతుక్కుంటుంది. రాత్రికి రేకులు వాలిపోతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ప్రమాదం. బయటకు తీయగానే నీటిబిందువులు పట్టి కారిపోతుంది. క్రీములో గుచ్చినా అంతే, అందులోని నీరే కరిగించేస్తుంది.

ఆర్డర్ల మీద కేకులు చేసే ఇల్లాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దారిలోనే అలంకారం కారిపోతే డబ్బూ పోతుంది, పేరూ పోతుంది. అందుకే చల్లారిన ముక్కల్ని గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. పొట్లాలు ముక్కలకు తగలకుండా చూసుకోవాలి. కేకు మీద పెట్టేది కొయ్యడానికి అరగంట ముందే. క్రీములో గుచ్చే కొసకు కరిగించిన వైట్ చాక్లెట్ పూస్తే కాసేపు అడ్డుకుంటుంది. వానాకాలంలో ఇలాంటి ఆర్డరు ఒప్పుకోకపోవడమే మేలు. ఒప్పుకుంటే ఐసోమాల్ట్ వాడాలి. పంచదార నుంచే తయారయ్యే ఈ పదార్థం తేమను బాగా తక్కువ పీలుస్తుంది, తొందరగా రంగు మారదు. ధర ఎక్కువ. మోతాదు మించి తింటే కడుపు కదులుతుంది.

చిలకలకు మళ్లీ పని!

ఇక్కడే మన చిలకలు గుర్తుకురావాలి. గింజకట్టిన పంచదార అంత తేలిగ్గా తేమకు లొంగదు. తేమ 80 శాతం దాటితే తప్ప దానికి పెద్దగా ఇబ్బంది ఉండదు. డబ్బాలో పోసిన పంచదార నెలల తరబడి పొడిగా ఉండేది అందుకే. సారెలో పెట్టిన చిలకలు రోజులపాటు ఇల్లిల్లూ తిరిగినా ముక్కు విరగకుండా ఉండేదీ అందుకే. మన గాలికి ఏది నిలుస్తుందో పెద్దవాళ్లు పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. చేసి చూసి తెలుసుకున్నారు.

అలాంటప్పుడు పెళ్లిరోజు కేకు మీద ప్లాస్టిక్ జంట బొమ్మ ఎందుకు? జంట చిలకలను పెట్టొచ్చుగా! కింద పల్చటి చాక్లెట్ బిళ్ల ఉంచి దానిమీద నిలబెడితే క్రీము తడి తగలదు. ముందురోజే చేసి ఉంచుకోవచ్చు. దూరాలకు పంపొచ్చు. ఇవాళ చిలకల అచ్చులు చాలా ఇళ్లలో అటకెక్కాయి. పెళ్లిళ్ల కాలంలో తప్ప ఆ పనివాళ్లకు పిలుపు ఉండదు. కేకులకు మాత్రం ముహూర్తాలతో పనిలేదు. రోజూ ఎవరిదో ఒకరి పుట్టినరోజే! ఓ బేకరీ, ఓ చిలకల పనివాడు చేతులు కలిపితే ఏడాది పొడవునా పని దొరుకుతుంది. చెరకు ఊరికి అంతకంటే తగిన కేకు అలంకారం మరోటి ఉంటుందా?

గాజుపువ్వు గంట ముచ్చట. చిలక నాలుగు రోజుల ముచ్చట. రెండూ తెలిసినవాళ్లు ఏ వేడుకకు ఏది పనికొస్తుందో తేల్చుకోగలరు.

చేతులు జాగ్రత్త!

* మరిగే నీళ్లు 100 డిగ్రీలు. ఈ పాకం 150. పైగా చర్మానికి అంటుకుని వదలదు. పొయ్యి దగ్గర పిల్లలు వద్దు. వేలితో పాకం తాకి చూడొద్దు, చన్నీళ్ల పళ్లెంలో వేశాకే పరీక్షించండి.

* కాలితే వెంటనే కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. అతుక్కున్న పాకాన్ని పీకొద్దు. ఐసు, పేస్టు, సిరా, పసుపు... ఏవీ రాయొద్దు. బొబ్బలెక్కితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

* లాగి చేసే పువ్వులు మొదట్లోనే వద్దు. చేయి తిరిగాక, వేడికి తట్టుకునే గ్లవ్స్‌తోనే ప్రయత్నించండి.

* ఐదేళ్లలోపు పిల్లలకు గాజుముక్కలు పెట్టొద్దు. గొంతుకు అడ్డం పడొచ్చు. పదునైన అంచులు నోరు కోస్తాయి. కేకు కొయ్యగానే అలంకారం తీసి పక్కన పెట్టండి.

* పాకం గట్టిపడి గిన్నెకు అతుక్కుంటే గీకొద్దు. నీళ్లు పోసి మరిగించండి, అదే కరుగుతుంది. ఎంత గాజైనా పంచదారే కదా!